తెలియదన్న కొంగ

ఒక రాజుగారి కోటలో ఒక కొంగ ఉండేది. దాని పని గీతలు గీయడం.

కొలువుకూటంలో సున్నం కొట్టిన పెద్ద తెల్లగోడ ఉండేది. దాని ముందు కొలతలు పెడితే కొంగ వాటిని తేరిపార చూసి, ముక్కు జేగురు నీళ్లలో ముంచి, ఉన్నది ఉన్నట్టు గీసేది. పెరిగితే పైకి, తగ్గితే కిందికి. అబద్ధం గీయడం దానికి చేతకాదు. మనుషుల్లో అలాంటివాళ్లని ఎక్కువ కాలం కొలువులో ఉండనివ్వరు. కొంగ కాబట్టి చెల్లిపోయింది.

చిక్కల్లా దాని భాషతోనే. కొంగభాష తప్ప దానికి మరొకటి రాదు. పైగా మహా పట్టింపు. ఒక్క మాట అటూ ఇటూ అయిందా, ఒంటికాలి మీద నిలబడి కళ్లు మూసుకునేది. తప్పు ఎక్కడుందో చెప్పేది కాదు. చేపలు వేసినా, బతిమాలినా, పండితులు వచ్చి శ్లోకాలు చదివినా కళ్లు తెరిచేది కాదు.

ఆ భాష వచ్చినవాడు రాజ్యమంతటికీ ఒక్కడే. అమ్మానాన్నా పోయాక అతన్ని అక్క పైడమ్మ పెంచింది. ఆమె మడుగులో దిగి తుంగ కోస్తుంటే అతను గట్టు మీద కూర్చుని కొంగల మాటలు వింటూ పెరిగాడు. అక్క పెళ్లి చేసుకుని పడమటి మెట్టలో ఒక ఊరికి కాపురానికి వెళ్లింది. తమ్ముడు కోటకి వచ్చి కొంగమాటలాయన అయ్యాడు.

పేరు బాగా వచ్చింది. కోట ముందు పొద్దున్నే జనం బారులు తీరేవారు. పసుపు వ్యాపారి ఒకాయన ఏడాది అమ్మకాలు గీయించుకుంటే కొంగ నెలలన్నిటినీ అక్షరాల వరసలో పెట్టి, ఆషాఢాన్ని ముందుకు తెచ్చి చైత్రాన్ని వెనక్కి నెట్టింది. ఆయన గోడ ముందు కూలబడి నెత్తి పట్టుకున్నాడు. కొంగమాటలాయన వచ్చి, "దానికి నెలల వరస తెలుస్తుందా అండీ, మనం చెప్పాలి గానీ," అని ఒక్క మాట వేశాడు. బొమ్మ సర్దుకుంది. ఎవరి చిక్కయినా ఇట్టే విప్పేసేవాడు. విప్పకుండా వదిలితే అతనికి అన్నం సయించేది కాదు. అది ఎందుకు పడిన చిక్కో, విప్పితే ఎవరి మెడకి చుట్టుకుంటుందో అడిగే అలవాటు మాత్రం అతనికి లేదు. నేర్పరితనం ఉన్నచోట ఆ బుద్ధి కూడా ఉంటుందనుకోవడం మన వెర్రి.

కొంగకి అసలు పని ఎండాకాలంలో. ఊరికొకరు చొప్పున వచ్చి కొలువుకూటంలో వరసగా నిలబడేవారు. తమ ఊరి బావిలో నీళ్లు ఎంత లోతు నిలిచాయో అంత పొడవు వెదురుబద్ద కోసి తెచ్చేవారు. కొంగ ఆ బద్దలన్నిటినీ చూసి, దేశం మొత్తానికి సగటు కట్టి గోడ మీద ఒక్క గుర్తు పెట్టేది. నిరుటి గుర్తు నుంచి దాని దాకా గీత లాగేది.

ముసలిరాజు బతికున్న రోజుల్లో పెట్టిన కట్టుబాట్లు రెండు ఉన్నాయి. గోడకి అడ్డంగా నల్లపట్టె ఒకటి ఉంది. గుర్తు ఆ పట్టె కిందికి దిగితే పెద్దచెరువు తూము తెరిచి ఊళ్లకి నీళ్లు వదలాలి. కొంగ గీయలేక "తెలియదు" అంటే రాజు స్వయంగా గుర్రమెక్కి వెళ్లి, ఊరూరూ తిరిగి, బావులు తొంగి చూడాలి. ముసలిరాజు అలా తిరిగి తిరిగి చివరికి వడదెబ్బతో పోయాడు. కొడుకు అందులోంచి నేర్చుకున్నది ఒక్కటే, గుర్రమెక్కకూడదని. పెద్దచెరువులో ఆయనకి కొత్త పడవ కూడా ఉంది.

ఒక ఏడు వానలు ముఖం చాటేశాయి. ఎండాకాలం వచ్చేసరికి కొలువుకూటం వరసలో కొందరు బద్దల్లేకుండా నిలబడ్డారు. అందరూ పడమటి మెట్టవాళ్లు. వాళ్ల బావులు ఎండిపోయాయి. లేని నీళ్లకి ఎంత బద్ద కోస్తారు? ఏం చెయ్యాలో ఏ కట్టుబాటులోనూ లేదు. అందుకని ఉత్త చేతులతో వచ్చి, మిగతావాళ్లు బద్దలు పట్టుకున్నట్టే చేతులు ముందుకి చాపి నిలబడ్డారు. వాళ్లలో పైడమ్మ ఉంది.

కొంగ వరస వెంట నడిచింది. మొదటి ఖాళీ చేతి దగ్గర ఆగింది. ఆ చేతిని చూసింది, మనిషి ముఖం చూసింది, గోడ వైపు తిరిగి ఒక కూత కూసింది.

"ఏమంటోంది?" అన్నాడు రాజు.

"తెలియదంటోంది ప్రభూ," అన్నాడు కొంగమాటలాయన.

రాజు ముఖం మాడిపోయింది. మంత్రి కొంగమాటలాయనని పక్కకి పిలిచాడు.

"ఎలాగోలా ఆ నల్లపట్టెకి కాస్త పైన గుర్తు పెట్టెయ్యమనలేవా?"

"అది అబద్ధం అవుతుందండీ. అది గీయదు, నేనూ చెప్పను."

ఈ మాట అన్నందుకు అతను లోలోపల పొంగిపోయాడు. తన నిజాయితీ తనకే ముద్దొచ్చింది.

"సరే, అబద్ధం వద్దు," అన్నాడు మంత్రి. "కొంగ చేత తెలియదనిపించకు. ఎలాగన్నది నీ పని. చిక్కులు విప్పేవాడివి కదా. రేపు పొద్దుటికి విప్పు."

మధ్యాహ్నం చావడిలో పైడమ్మ తమ్ముడి కోసం కూర్చుని ఉంది. చెంగున మూటగట్టి తెచ్చిన జొన్నరొట్టె విప్పి సగం అతని చేతిలో పెట్టింది. పెదాలు పగిలి ఉన్నాయి. ముంతెడు మజ్జిగ ఇస్తే గటగటా తాగి, అడుగున మిగిలిన చుక్కల్లో వేలు ముంచి పెదాలకి రాసుకుంది.

"మా ఊళ్లో పశువుల్ని తోలేశాం తమ్ముడూ. ఇక మనుషులే మిగిలారు," అంది. "కొంగకి చెప్పు. ఖాళీ చెయ్యంటే నీళ్లు లేవని చెప్పు. బావి అడుగు కనపడుతోందని చెప్పు. గుర్తు దానంతటదే పట్టె కిందికి దిగుతుంది."

"అలా ఎలా చెప్తానక్కా? మీ ఊరి సంగతి నువ్వు చెప్పావు, నమ్మాను. మిగతావాళ్లలో ఒకడు బద్ద దారిలో పారేసుకున్నాడేమో, ఇంకొకడు కోయడానికి బద్ధకించాడేమో. అందరివీ ఎండిపోయాయని నేనెలా తేలుస్తాను? కొలత లేనిచోట కొలత పెట్టకూడదు. ఈ విద్యలో మొదటి నియమం అది."

"తేల్చలేకపోతే రాజుగారిని వచ్చి చూడమను. అందుకే కదా పెద్దాయన ఆ కట్టుబాటు పెట్టింది."

అతను రొట్టె ఇంకో ముక్క తుంచుకున్నాడు.

"నా చేతిలో ఉన్నది గోడ మీదికి ఎక్కించు. నేనడిగేది అంతే," అంది.

"నీ చేతిలో ఏమీ లేదుగా అక్కా."

"అదే ఎక్కించమంటున్నాను."

అక్క మాట చెవిలో జోరీగలా రొద పెడుతున్నా, అతని బుద్ధి చిక్కు చుట్టూనే తిరిగింది. తిరిగి తిరిగి చిన్ననాటి మడుగు దగ్గర వాలింది. తల్లికొంగ పిల్లల్ని ఎగరడానికి లేవదీసేటప్పుడు గూట్లో పొదిగినా పగలని గుడ్లుంటే వాటి వైపు చూడకుండా ఒక చిన్న కూత కూసేది. క్రుక్. ఉన్నవాళ్లు రండి, రానిదాన్ని వదిలెయ్యండి అని దానర్థం. ఆ మాట గుర్తొచ్చేసరికి అతనికి ప్రాణం లేచొచ్చింది. పాము చావకుండా కర్ర విరగకుండా పనైపోతుంది. అబద్ధం ఎక్కడా లేదు. ఉన్న బద్దలన్నీ నిజం బద్దలే.

మర్నాడు అందరూ మళ్లీ వరసలో నిలబడ్డారు. కొంగ ఖాళీ చేతి దగ్గర ఆగింది. అతను క్రుక్ అన్నాడు.

కొంగ మెడ తిప్పి అతని వైపు చాలాసేపు చూసింది. చెప్పినమాట వినడం తప్ప దానికి వేరే గతి లేదు. ఖాళీ చేతుల ముందు నుంచి కాలు ఎత్తి పక్కకి వేసుకుంటూ నడిచింది. పైడమ్మ చెయ్యి చాపే ఉంచింది. కొంగ దాన్ని దాటి పోయింది. గోడ దగ్గరికెళ్లి గుర్తు పెట్టింది. అది నల్లపట్టెకి బాగా పైన పడింది. నిరుటికంటే కూడా పైన. ఎండిన బావులు లెక్కలోంచి పోతే మిగిలేవి నిండిన బావులేగా.

సభ చప్పట్లు కొట్టింది. రాజు లేచొచ్చి కొంగమాటలాయనకి పట్టుశాలువా కప్పాడు. తూము తెరవలేదు, గుర్రానికి జీను వెయ్యలేదు. సాయంత్రం పడవ షికారుకి అతన్ని కూడా రమ్మన్నారు.

వెళ్లే ముందు పైడమ్మ కోట వాకిట్లో నిలబడింది. తిడుతుందేమో అనుకున్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఈ ఏటికి ఇలా పోనీ అక్కా," అన్నాడు శాలువా సర్దుకుంటూ. "ఇప్పుడు రాజుగారి దగ్గర నా మాట చెల్లుతుంది. వచ్చే ఏడు నువ్వే రా. నీ చెయ్యి నేను గీయిస్తాను. ఒట్టు."

"వస్తాలే," అంది పైడమ్మ. ఖాళీ మూటగుడ్డ దులిపి భుజాన వేసుకుని నడిచిపోయింది.

ఆ ఏడంతా క్రుక్ అనే మాట కోటలో అందరి నోటా ఆడింది. వడ్డనలో కూర చాలకపోతే వంటవాళ్లు చివరి బంతి వైపు చూసి క్రుక్ అనేవారు. ఫిర్యాదులు ఎక్కువైతే కొత్వాలు క్రుక్ అనేవాడు. రాజుగారికైతే కొంగభాషలో వచ్చిన మాట అదొక్కటే. దాంతోనే తనకి ఆ భాష వచ్చేసిందనుకున్నాడు.

ఎండాకాలం మళ్లీ వచ్చింది. కొంగమాటలాయన తెల్లవారకుండానే కొలువుకూటానికి వచ్చి కూర్చున్నాడు. ఈసారి ఆ మాట అనకూడదని గట్టిగా అనుకున్నాడు. కొంగ తెలియదంటే తెలియదని చెప్పేస్తాడు. రాజుగారి ముఖం మాడితే మాడనీ. అక్కకి మాటిచ్చాడు.

ఊళ్లవాళ్లు వచ్చి వరసలో నిలబడ్డారు. అతను ఒక్కొక్క ముఖమే చూసుకుంటూ చివరిదాకా వెళ్లాడు. పైడమ్మ లేదు. మళ్లీ మొదటి నుంచి చూశాడు. అందరి చేతుల్లోనూ బద్దలున్నాయి. ఖాళీ చెయ్యి ఒక్కటి కూడా లేదు.

కొంగ వరస వెంట నడిచింది. ఎక్కడా ఆగే పని పడలేదు. ఎవరూ క్రుక్ అనకుండానే, ఎవరూ ఏమీ దాచకుండానే గుర్తు నిరుటికంటే జానెడు పైకి ఎక్కింది. నిజాయితీగా గీసినా అదే బొమ్మ వచ్చింది.

"పండగ చేయించండి," అన్నాడు రాజు.

మెట్ట అంచు ఊరి నుంచి వచ్చిన ముసలాయన ఒకడు బద్ద పట్టుకుని వరస చివర నిలబడి ఉన్నాడు. కొంగమాటలాయన అతని దగ్గరికి వెళ్లాడు.

"మీ అవతలి ఊరి నుంచి ఎవరూ రాలేదేం తాతా?"

"ఆ ఊరెక్కడుంది బాబూ? దేశంలో నీళ్లు బాగున్నాయని గోడ మీద తేలింది కదా, ఇక తూము తెరవరని తెలిసి జనం లేచిపోయారు. ఎటు పోయారో."

"పైడమ్మ అని, మా అక్క. ఆవిడ ఎటు వెళ్లింది?"

ముసలాయన అతని ముఖం వైపు చూసి, తర్వాత నేల వైపు చూశాడు.

"ఆవిడ కదల్లేదు. మేం రమ్మన్నాం. మా తమ్ముడు ఈసారి గీయిస్తానన్నాడు, ఊరి తరఫున చెయ్యి తీసుకెళ్లడానికి ఎవరో ఒకరుండాలి కదా అంది. బావి గట్టున కూర్చునుండేది. మా ఊరి నుంచి రోజూ ముంతెడు పంపేవాళ్లం. తర్వాత మాకే సరిపోలేదు."

కొంగమాటలాయన భుజం మీది శాలువా వైపు చూసుకున్నాడు. ఆమె తన మాట నమ్మింది. నమ్మబట్టే పోయింది. నిరుడు ఛీ కొట్టి పంపించి ఉంటే అందరితో పాటు లేచిపోయి ఎక్కడో ఒకచోట బతికేది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. అయినా మనిషి పట్టుకోకుండా ఉండలేడు. అతను శాలువా తీసి నేల మీద పెట్టి, వరస చివర, ముసలాయన పక్కన వెళ్లి నిలబడ్డాడు. అక్క నిలబడినట్టే చెయ్యి ముందుకి చాపాడు.

"అదేమిటయ్యా?" అన్నాడు మంత్రి.

"పడమటి మెట్ట తరఫున వచ్చాను," అన్నాడు. "మళ్లీ గీయించండి."

సభ గుసగుసలాడింది. కొంగ గోడ దగ్గర నుంచి కదిలి, వరస వెంట నడిచి అతని ముందుకొచ్చి ఆగింది. ఖాళీ చేతిని చూసింది. ముఖం చూసింది. ఏడాదిగా అనని మాట గోడ వైపు తిరిగి గట్టిగా అంది. దాని అర్థం సభలో తెలిసినవాడు అతనొక్కడే.

"తెలియదంటోంది ప్రభూ," అన్నాడు. "గుర్రమెక్కి వచ్చి చూడండి."

రాజుకి కోపం రాలేదు. వచ్చి ఉంటే అదో గౌరవం. ఆయన తాంబూలం బుగ్గన సర్దుకుని, తనకొచ్చిన ఒక్క మాటా అన్నాడు.

"క్రుక్."

పలుకు కొంచెం కూడా తప్పలేదు. కొంగ కాలెత్తి పక్కకి వేసి, అతన్ని దాటుకుని గోడ దగ్గరికి వెళ్లింది. ముక్కు జేగురులో ముంచింది. గీత ఎక్కడా తెగకుండా చక్కగా వచ్చింది.