చెయ్యెత్తితే ఆగాల్సిందే

వైజయంతీపురం ఈ కొస నుంచి ఆ కొసకు నడవాలంటే కాళ్ళు పడిపోతాయి. అంత పెద్ద నగరం. అందుకే రాజు జనం కోసం ఎడ్లబళ్ళు నడిపించాడు. చట్టం ఒక్కటే: దారిలో ఎవరు చెయ్యెత్తినా బండి ఆగాలి. ఆపనివాడి కొలువు పోతుంది.

వసంతోత్సవం నాడు బళ్ళకు సెలవని అధికారి జగ్గరాయుడు చాటింపు వేయించాడు. ఆపైన సిగ్గులేకుండా అవే బళ్ళకు పూలు కట్టించి, ముందు బండిలో తానెక్కి, మిగతావన్నీ ఖాళీగా వెంట తిప్పుకుంటూ ఊరేగాడు.

చీపుళ్ళమ్మే ఓబులమ్మ కూతురు ఆ కొసన మంత్రసాని ఇంట్లో తెల్లవారుజామునే ప్రసవించింది. బాలింతకు పట్టుకెళ్ళే వేడన్నం, నడిచి వెళ్తే చల్లారిపోతుంది. ఓబులమ్మ చెయ్యెత్తింది. బళ్ళన్నీ ఆగాయి.

"సెలవని వినలేదటే? ఇవాళ బళ్ళు నడవవు!" అని రంకె వేశాడు జగ్గరాయుడు.

"నడవకపోతే తమరు దిగండి దొరా. నడిస్తే నన్నెక్కించుకోండి. ఏదో ఒకటి మీరే తేల్చండి."

అంతలో వీధి పొడవునా చేతులు లేచాయి. ముడతలు పడ్డవి, గాజులవి, సున్నం అంటినవి. కనుచూపు మేరా చేతులే! బండివాళ్ళు పగ్గాలు మరిచి, నోళ్ళు తెరిచి చూస్తుండిపోయారు. తమ నగరంలో ఇంతమంది ఉన్నారని వాళ్ళకే తెలియదు.

జనం బళ్ళెక్కుతుంటే జగ్గరాయుడు వాదించడానికి బండి దిగాడు. ఆయన చోటూ నిండిపోయింది. బళ్ళు కదిలాయి. ఎండలో మిగిలిన ఆయన అటూ ఇటూ చూసి, మెల్లగా చెయ్యెత్తాడు.

ఓబులమ్మ ఎక్కిన బండి ఆగింది.

"కాస్త జరగండమ్మా," అందామె, అన్నం గిన్నె ఒళ్ళోకి తీసుకుంటూ.