అలికి మూసిన పెరటి దారి

అనగనగా ఒక అడవి. అడవి అంచున వాగు. ఆ వాగు గట్టు మీద ఒక కలుగు. అందులో పుల్లమ్మ అనే పందికొక్కు ఉండేది. వాగు అవతల ఆమె కూతురు నిండు చూలాలు. వానలు పడి వాగు పొంగేలోగా ఈ కలుగు అమ్మేసి, వచ్చిన వేరుసెనక్కాయలతో అవతలి గట్టున చోటు సంపాదించి, కూతురి కాన్పు తన చేతుల మీదుగా చెయ్యాలని పుల్లమ్మ ఆశ.

కలుగేమో పాతది. లోపల ముక్కిపోయిన వాసన. పెరటి దారి మట్టి కూలి పూడిపోయింది. పెరటి దారి అంటే తెలుసుగా పిల్లలూ? వాకిట్లోంచి ఎవరైనా మీదికొస్తే వెనకనించి పారిపోయే బొక్క. అది లేకపోతే కలుగు కాదు, గొయ్యి.

పొరుగున ఉండే ఉడుత నాంచారి చెట్టు దిగి వచ్చింది.

"వదినా, ముందు ఆ పెరటి దారి తవ్వు. పూట పని. గోళ్ళు నీవే, ఖర్చు లేదు" అంది.

"కొనేవాళ్ళు వాకిలి చూస్తారు. వెనకెవరు చూస్తారే? నా నడుం పోతుంది" అంది పుల్లమ్మ.

"నడుం నీది, కలుగు నీది. మధ్యలో నాకెందుకమ్మా" అని నాంచారి తోక ఆడించుకుంటూ పోయింది.

నడుం పోతుందన్న మనిషి చేసిన పనులు చూడండి. ఎర్రమట్టి మోసుకొచ్చి గోడలన్నీ అలికింది. కూలిన చోట పూత మీద పూత వేసి, కాళ్ళతో తొక్కి తొక్కి గట్టిపరిచింది. నత్తగుల్లలు నూరి వాకిట్లో ముగ్గు పెట్టింది. ముక్కిన వాసన పోవాలని మొగలి పువ్వు తెచ్చి లోపల పెట్టింది. మొగలి వాసనకు పాములొస్తాయని వాళ్ళమ్మ చిన్నప్పుడే చెప్పింది. అమ్మకం హడావుడిలో అమ్మ మాట ఎవరికి గుర్తు?

మర్నాడు మంగతాయి అనే చిట్టెలుక తన పిల్లల్ని వెంటేసుకుని చూడ్డానికొచ్చింది.

"అబ్బ, ఎంత కమ్మని వాసన పిన్నీ! అన్నీ బాగున్నాయి. పెరటి దారి ఎటు?"

నిజం చెబితే మంగతాయి వెళ్ళిపోతుంది. పుల్లమ్మకు కూతురు కళ్ళ ముందు మెదిలింది.

"అదిగో, ఆ గోడలోనే ఉందమ్మా. చలిగాలి కొడుతుందని పల్చగా మట్టి రాశాను. తోస్తే వచ్చేస్తుంది" అంది.

ఆ మాట ఇంకా నోట్లో ఉండగానే వాకిలి చీకటైపోయింది. తాచుపాము. పువ్వు వాసన పట్టుకుని ముగ్గు మీదుగా లోపలికి జారింది.

"పిల్లలూ, పెరటి దారి! తోసుకుని పొండి" అంది మంగతాయి.

పిల్లలు నమ్మి పరిగెత్తాయి. ఒకదాని వెనక ఒకటి గోడకు ముక్కులు కొట్టుకుని వెనక్కి పడ్డాయి. ఆఖరిది లేచి మళ్ళీ తోసింది. "అమ్మా, రావట్లేదే" అంది.

పుల్లమ్మ తొక్కిన మట్టే అది. ఎంత గట్టిగా తొక్కిందో తనకే తెలుసు.

తర్వాత ఏం చేసిందో ఆమెకే తెలియదు. పాము మొగలి పువ్వు దగ్గర ఆగిన ఆ కాసేపట్లో గోడ మీద పడి గోళ్ళు ఊడేలా తవ్వింది. నడుం పోతుందని మానేసిన పూట పని ప్రాణభయంతో ఊపిరి తిప్పుకోకుండా చేసింది. వెలుతురు కనబడగానే పిల్లల్ని తోసింది, మంగతాయిని తోసింది, ఆఖరున తను దూరింది. తోకలో సగం పాము నోట్లో ఉండిపోయింది.

బయట మంగతాయి పిల్లల ముక్కులు నాకుతూ, "ఇల్లు చూడ్డానికొచ్చాం పిన్నీ, చావడానికి కాదు" అంది. అరవలేదు. అరిచినా బాగుండేది.

ఆ మాట అడవంతా పాకింది. ఇప్పుడా కలుగుకు పెరటి దారి ఉంది, నిజమైనది. కొనేవాళ్ళే లేరు. వానలు పడ్డాయి, వాగు పొంగింది.

ఒక పొద్దున అవతలి గట్టు నుంచి కూతురు పిలిచింది. "అమ్మా, ఆడపిల్ల. నీ పోలికే."

"ఏదీ, కాస్త ఎత్తి చూపించు" అంది పుల్లమ్మ.

కూతురు బిడ్డను ఎత్తి పట్టుకుంది. నడుమ వాన జల్లు. పుల్లమ్మకు ఏమీ కనిపించలేదు.

నీతి: ఇల్లు అమ్మేముందు పాడైనదాన్ని బాగుచెయ్యాలి. అలికి దాచి అబద్ధమాడితే, నమ్మి వచ్చినవాళ్ళతోపాటు మనమూ అందులోనే చిక్కుకుంటాం.