భల్లయ్య పథ్యం

అనగనగా, ఇప్పపూలు రాలితే నేలంతా తీపి వాసన కొట్టే ఒక అడవిలో భల్లయ్య అనే ఎలుగుబంటి ఉండేవాడు. మంచివాడే. కాకపోతే బాగా ఒళ్లు వచ్చేసింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఎన్ని నీళ్లు తాగినా దాహం తీరేది కాదు.

ఒకరోజు అతని చిన్న కూతురు మిణుకు చెట్టెక్కి, దిగలేక ఏడ్చింది.

"నాన్నా, వచ్చి దింపవూ?"

భల్లయ్య సగం కూడా ఎక్కకుండానే జారి కిందపడ్డాడు. చివరికి కోతులు పిల్లను దింపాయి. భల్లయ్యకు తల కొట్టేసినట్టయింది. "ఒళ్లు తగ్గించే తీరతాను" అనుకున్నాడు.

అడవిలో సలహాలకు కరువా?

"నన్ను చూడు మావా! పచ్చగడ్డి తప్ప ఏదీ ముట్టను" అంది కుందేలు. భల్లయ్య గడ్డి మేశాడు. కడుపు ఉబ్బి డోలులా మోగింది.

"తిండి సంగతి వదిలెయ్ బావా. నా వెంట పరుగెత్తు" అంది జింక. భల్లయ్య పరుగెత్తాడు. మర్నాటికి మోకాళ్లు వాచిపోయాయి.

"ఒకసారి తిని, నెల్లాళ్లు నోరు మూసుకో. నేను చేసేది అదే" అంది కొండచిలువ, ఆవలిస్తూ. భల్లయ్య నోరు మూసుకున్నాడు. కళ్లు తిరిగి వాగు గట్టున దబ్బున పడ్డాడు.

"నాన్నా, లే!" అని ఎంత కుదిపినా అతను లేవలేదు. మిణుకు పరుగున పోయి ముంగిస వసమ్మను పిలుచుకొచ్చింది. ఆ అడవికి వైద్యురాలు ఆవిడే.

వసమ్మ అతని మొహాన నీళ్లు చల్లింది. గొంతులో కాస్త తేనె నీళ్లు పోసింది. భల్లయ్య కళ్లు తెరిచాడు.

"ఎవరి మాట విని తిండి మానేశావయ్యా?"

"కొండచిలువ చెప్పింది."

"నీ ఒంటిమీద పొలుసులున్నాయా?"

"లేవు."

"మరి?"



వసమ్మ అతని పొట్టమీదికెక్కి, గుండెకు చెవి ఆనించి విన్నది. "నిద్ర పడుతుందా?" అని అడిగింది.

"గురక పెడతాడు. ఊపిరాడనట్టు ఉలిక్కిపడి లేస్తాడు" అంది మిణుకు.

"నీరసం ఎప్పుడు వస్తుంది?"

"తేనె కడుపునిండా తాగాక" అన్నాడు భల్లయ్య.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా?"

"మా అమ్మకు. చివరికి చూపు కూడా పోయింది."

వసమ్మ మొహం గంభీరమైంది. "ఇది వట్టి తిండిపోతుతనం కాదు భల్లయ్యా. నీ ఒంటికి తీపిని సరిగా వాడుకునే శక్తి తగ్గింది. ఇది జబ్బు. సిగ్గుపడకు, వైద్యం చేయించుకో."

ఇన్నాళ్లూ అతనితో ఆ మాట అన్నవాళ్లు లేరు. భల్లయ్యకు కళ్లనీళ్లు తిరిగాయి.

తేనె, ఇప్పపూలు బాగా తగ్గించమంది వసమ్మ. కడుపునిండా చెదలు తినమంది. మోకాళ్లు నొప్పి కాబట్టి పరుగు వద్దు, వాగు నీళ్లలో నడవమంది. ఒక చేదు మందు ఇచ్చింది. అది పడక వికారం పెడితే మోతాదు తగ్గించి, మెల్లగా పెంచింది.

ఒకసారి భల్లయ్య బుంగలా వాచిన మూతితో వచ్చాడు.

"ఏమైంది?"

"పడ్డానమ్మా."

"తేనెపట్టు మీదా?" అంది వసమ్మ. భల్లయ్య తోక ముడిచాడు. ఆవిడ తిట్టలేదు. సాయంత్రం పూట ఆకలి ఆగడం లేదని తెలుసుకుని, ఆ పూటకు మరికాస్త తిండి చేర్చింది.

వానలు వెళ్లేసరికి భల్లయ్య జింకలా నాజూగ్గా అయితే కాలేదు. కానీ దాహం తగ్గింది. హాయిగా నిద్రపోతున్నాడు. వాగులో మిణుకుతో పందెం వేసి ఒకసారి గెలిచాడు కూడా.

అది చూసి అడవిపంది ఆశగా వచ్చింది. "బావా, ఏం తిన్నావో చెప్పు. నేనూ అదే తింటాను!"

భల్లయ్యకు నాలుక దురద పెట్టింది. చెదల గొప్పతనం చెప్పడానికి నోరు తెరిచాడు. మళ్లీ మూశాడు.

"నేను తిన్నది నా ఒంటికి. పద, వసమ్మ దగ్గరకు పోదాం. అడిగినవాటికి ఉన్నదున్నట్టు చెప్పు" అన్నాడు.

వసమ్మ పందిని చాలాసేపు పరీక్షించింది. ఎన్నో అడిగింది. చెదల మాట మాత్రం ఎత్తనే లేదు.

నీతి: ఒకరికి సరిపడిన పథ్యం ఇంకొకరికి సరిపడకపోవచ్చు, మన ఒంటిని చూసి, మన మాట విని చేసేదే మనకు వైద్యం.