తాడు మీద చుట్టకుదురు

అనగనగా ఒక ఊళ్ళో... రాజుగారా? లేడమ్మా, ఈ ఊళ్ళో రాజు లేడు. ముందు సముద్రం, వెనక ఇసక, మధ్యలో నాలుగు వరసల గుడిసెలు. అంతే ఊరు. కాళ్ళు దుప్పట్లో పెట్టుకో, చెబుతాను.

ఆ ఊరివాళ్ళు తెల్లారకముందే పడవ మీద వెళ్ళి పెద్దవల వేసొచ్చేవాళ్ళు. వల సముద్రంలో ఉంటుంది, దాని తాళ్ళు రెండూ ఒడ్డున ఉంటాయి. ఆడా మగా రెండు బారులుగా నిలబడి ఆ తాళ్ళు లాగుతారు. లాగేటప్పుడు ఒకరు పాట అందుకుంటే అందరూ "హైలెస్సా" అంటారు. ఆ తర్వాత చేపలు పంచుకుంటారు. తాడు మీద చెయ్యి వేసినవాళ్ళకే వాటా. వెయ్యనివాళ్ళకి లేదు. అది తాతలనాటి కట్టుబాటు.

ఆ ఊళ్ళో కాసులమ్మ అని ఒక పిల్ల. అమ్మా తనూ ఇద్దరే. పదో తరగతిలోకొచ్చింది. ఆ ఊళ్ళో అంతవరకూ వచ్చిన పిల్ల ఇంకోతి లేదు. మిగతావాళ్ళంతా మధ్యలోనే మానేసి తాడు పట్టుకున్నారు. దాని స్నేహితురాలు గవిరి కూడా అంతే, ఎనిమిదిలో మానేసింది.

అప్పుడు కాసులమ్మ వాళ్ళమ్మకి నడుం పట్టేసింది. తాడు లాగకపోతే వాటా రాదు, వాటా రాకపోతే పొయ్యి వెలగదు. అందుకని కాసులమ్మే తాడు పట్టుకుంది. వల ఒడ్డెక్కేసరికి బారెడు పొద్దెక్కేది. బడి అప్పటికి సగమయ్యేది. కొన్నాళ్ళు పరిగెత్తింది. ఆ తర్వాత పుస్తకాలు మూటగట్టి చూరులో దోపేసింది. ఏడుపొచ్చింది. ఏడ్చింది. పొద్దున్నే మళ్ళీ తాడు దగ్గరికొచ్చింది.

పక్కింటి గున్నమ్మ ఆ మూట చూసింది. గున్నమ్మది పెద్ద నోరు. తాళ్ళు లాగేవాళ్ళకి పెద్ద కారయ్య తాత. తిన్నగా ఆయన దగ్గరికెళ్ళి, "దాని బదులు మేం లాగుతాం. దాని వాటా దానికిచ్చీ," అంది.

"సెయ్యి లేకుండా వాటేటే? కట్టుబాటు కాదు," అన్నాడు తాత. మంచివాడే, కానీ మొండివాడు.

అప్పుడు గున్నమ్మ వెళ్ళి కాసులమ్మ చుట్టకుదురు తెచ్చింది. చేపల తట్ట మోసేటప్పుడు నెత్తిన పెట్టుకుంటారే, పాత చీర పేలికల చుట్ట, అదన్నమాట. కాసులమ్మ నిలబడే చోట దాన్ని తాడుకి కట్టేసింది.

"ఇదిగో, అది తాడు పట్టుకునే ఉంది. ఒగ్గీమను సూద్దాం!" అంది. ఒగ్గడమంటే వదిలెయ్యడం.

తాత ముడి లాగి చూశాడు. గట్టిగానే ఉంది. "ఒగ్గలేదు," అని ఒప్పుకున్నాడు. ఆ రోజు వాటా కాసులమ్మ ఇంటికెళ్ళింది, కాసులమ్మ బడికెళ్ళింది.

అక్కడితో ఆగొచ్చు కదా? ఆగలేదు. ఊరివాళ్ళు సాయం చెయ్యడం రుచి మరిగారు. పిల్ల తెల్లవారుజామున లేచి చదువుకుంటోంది, మన పాట దానికి అడ్డం అనుకున్నారు. ఇకమీదట నోళ్ళు మూసుకుని లాగాలని తీర్మానం చేశారు.

మొదటి రోజు పాట లేక ఒక బారు ముందు లాగింది, ఇంకో బారు వెనకబడింది. వల మెలిపడి, చేపలు నవ్వుకుంటూ పోయాయి. రెండో రోజు వల చిరిగింది. మూడో రోజు లాగేవాళ్ళే ఒకరి మీద ఒకరు పడ్డారు. అందరికన్నా కింద తాత, ఆయన మీద గున్నమ్మ. అయినా ఎవరూ కిక్కురుమనలేదు. ఊరంతా ఉత్త గంజి తాగి పడుకుంది.

మరి కాసులమ్మో? మూడు రోజులూ హాయిగా నిద్రపోయింది! పుట్టినప్పట్నించీ దాన్ని లేపేది ఆ పాటే. పాట లేదు, మెలకువా లేదు. మూడో రోజు బళ్ళో పరీక్ష పెడితే తెల్లకాగితం ఇచ్చొచ్చింది.

ఆ సాయంత్రం ఒడ్డుకొచ్చి, "పాటెందుకు మానేశారు తాతా?" అని అడిగింది. చెప్పారు. నవ్వాలో ఏడవాలో దానికి తెలీలేదు. "పాడండి తాతా. మీరు పాడకపోతే నాకు తెల్లారదు," అంది.

తాత గడ్డం గోక్కున్నాడు. "అయితే నీ పుస్తకంలోదే పాడతాం. సెప్పు," అన్నాడు.

అప్పట్నించి కాసులమ్మ సాయంత్రం ఒక పాఠం చెప్పేది, వాళ్ళు పొద్దున్నే అది పాడేవాళ్ళు.

ఆమ్లం, క్షారం కలిసెను చూడు – హైలెస్సా!
ఉప్పూ, నీరూ మిగిలెను చూడు – హైలెస్సా!

"ఉప్పూ నీరూ అంటే మన సముద్రమే కదేటే!" అన్నాడు తాత. సైన్సు ఇంతేనా అనుకున్నాడు. లెక్కలు మాత్రం ఏ పాటలోనూ ఇమడలేదు. వాటితో కాసులమ్మ ఒక్కతే కుస్తీ పట్టింది.

ఆ తర్వాత పెద్ద పరీక్షలొచ్చాయి. సైన్సు పరీక్ష రోజు కాసులమ్మ ప్రశ్నల కాగితం విప్పింది. ప్రశ్న ఒకసారి చదివింది. జవాబు రాలేదు. రెండోసారి చదివింది. రాలేదు. మూడోసారి కళ్ళు మూసుకుని, చేతులు ముందుకి చాపి, లేని తాడు పట్టుకుని వెనక్కి లాగింది.

కాపలా మాస్టారు పరిగెత్తుకొచ్చాడు. "ఏం చేస్తున్నావమ్మా?"

"తాడు లాగుతున్నాను సార్."

పాపం, ఆయనకేం అర్థమవుతుంది? కాసులమ్మ పెదవులు కదిలాయి. ముందు ఉప్పూ నీరూ వచ్చాయి, వాటి వెనకే పాఠమంతా ఒడ్డుకొచ్చింది.

పాసయింది. జిల్లాకి మొదటిదేం కాదు, బడికీ కాదు. లెక్కల్లో ఎలాగో గట్టెక్కింది. కానీ పాసయింది. గున్నమ్మ అరిచిన అరుపుకి కాకులు లేచిపోయాయి.

మళ్ళీ బళ్ళు తెరిచే రోజొచ్చింది. కాసులమ్మ వెళ్ళాల్సిన కాలేజీ ఇంకా తెరవలేదు. చీకటుండగానే ఒడ్డుకొచ్చి తన చోట తాడు పట్టుకుంది. పక్కన గవిరి లేదు. గవిరి చోట గవిరి చుట్టకుదురు కట్టి ఉంది.

తాత దగ్గరికొచ్చాడు. ముడి లాగి చూశాడు. గట్టిగానే ఉంది.

"పాట అందుకోయే," అన్నాడు.

కాసులమ్మ ఎనిమిదో తరగతి పాఠం అందుకుంది. అందరూ హైలెస్సా అన్నారు. అక్కడ గుడిసెలో గవిరికి మెలకువొచ్చింది.

వల ఒడ్డుకి, చేప తట్టకి,
కథ కంచికి, కన్ను నిద్రకి,
మనమేమో మన ఇంటికి,
తెల్లారగానే నువ్వు బడికి.