నక్క కరిస్తేనే వస్తాం

ఒక పెద్ద యుద్ధం అయిపోయింది. ఇంకోటి ఇంకా రాలేదు. ఆ రెంటి మధ్యా దొరికిన నాలుగేళ్లనీ చింతలోయలోని చిన్న ప్రాణులు శాంతి అని పిలుచుకుంటూ, పూటకో దండం భగవంతుడికి పెట్టుకుంటూ బతుకుతున్నాయి.

ఆ యుద్ధం పులికీ ఏనుగుకీ జరిగింది. పులి పోయింది. పులి పక్కన చేరిన పాపానికి నక్క గవరయ్య ఒక కాలూ, నోట్లో చాలా పళ్లూ, తన నేలలో ముప్పాతిక వంతూ పోగొట్టుకుని రాళ్లగుట్ట కింద బొరియలో మిగిలాడు. ఆ ముప్పాతికనీ ముగ్గురు పంచుకున్నారు. వెదురుపొద అడవిపంది బూచమ్మకి, దాని కింద రాతిచరియ ముళ్లపంది అవ్వకి, పక్కన నేరేడు తోపు కొండముచ్చు కోటప్పకి వచ్చాయి. కొన్ని అడవుల్లో ఈ కథ ఇంకోలా చెబుతారట, చివరికొచ్చేసరికి పిల్లల చెవులు మూయాల్సి వస్తుందట. మా ఇంట్లో చెప్పుకునేది ఇది.

పంచుకున్నది గవరయ్య ఎప్పుడైనా తిరిగి అడుగుతాడేమోనని ముగ్గురికీ ఒకటే బెంగ. అందుకని కూటమి కట్టారు. ఆ లోయలో ఉప్పునేల ఒకటుంది. ముగ్గురూ అక్కడ చేరి, మట్టి నాకి, ప్రమాణం చేశారు: "నక్క గవరయ్య మాలో ఎవరిని కరిచినా, మిగిలినవాళ్లం తింటున్నది వదిలేసి పరుగెత్తుకొస్తాం." ఉప్పు నాకి ఆడిన మాట తప్పితే పళ్లన్నీ రాలిపోతాయని వాళ్ల నమ్మకం. అందుకే ప్రతి సోమవారం పొద్దున్నే వచ్చి అదే ప్రమాణం మళ్లీ చేసేవారు. మూడు పళ్ల ముసలి నక్క మీద ఇంత కాపలా ఈ భూమ్మీద ఇంకెక్కడా ఉండదు.

ఒకసారి బూచమ్మ అడిగింది కూడా. "అవ్వా, మరి తోడేలు వస్తేనో?"

అవ్వ ముళ్లు నిక్కబొడుచుకున్నాయి. "శుభమా అని ప్రమాణం చేసుకుంటుంటే ఆ పేరెందుకే నోట్లోకి? ఉప్పునేల మీద దాని పేరెత్తితే దాన్ని పిలిచినట్టే. లెంపలేసుకో!"

బూచమ్మ లెంపలేసుకుంది. తోడేలు పేరు అలా ఒప్పందంలోకి రాకుండా శాస్త్రోక్తంగా తప్పించారు.

యుద్ధం నాటికి ఆ తోడేలు పాలు తాగే పిల్ల. ఇప్పుడు ఆరుగురు అనుచరులతో దొరైంది. పేరెత్తలేదు కాబట్టి దానంతట అదే వచ్చింది. వచ్చింది కూడా ఎంతో మర్యాదగా, ఒక్కొక్కరి గుమ్మానికీ విడివిడిగా.

"అవ్వా, మీ కాలికి మొక్కుదామనే వచ్చాను," అంది ముళ్లపందితో. "ముళ్లున్నాయని ఆగాను. నాకు ఆ వెదురుపొద ఒక్కటి చాలు. తరవాత ఈ జన్మకి ఇంకేమీ అడగను. మీరు నా మీదికి రామని ఒక్కసారి ఉప్పు నాకండి, మీ చరియ వైపు కన్నెత్తి చూడను."

అవ్వ నాకింది.

"కోటప్పగారూ, చెట్టెక్కడం నాకు రాదు కదా. మీకూ నాకూ గొడవేముంది?" అంది కొండముచ్చుతో.

ఆ తర్కం కోటప్పకి మహా నచ్చింది. అతనూ నాకాడు.

సంగతి తెలియగానే బూచమ్మ ఒక్క ఉదుటున ఇంటికి వచ్చి పడింది. ఆ వెదురుపొదలో ఆమె పిల్లలున్నాయి. పన్నెండు రోజుల పిల్లలు, ఎనిమిది. వాటిని పట్టుకుని ఎక్కడికీ పోలేదు. వదిలి అసలే పోలేదు. తోడేలు దొరకి వెదురు మీద ఎప్పటినుంచి మోజు పుట్టిందో అడవిలో అందరికీ తెలుసు. ఎనిమిది పుట్టినప్పటినుంచి.

ముందు నది అవతలి ఏనుగు రాజావారికి గోరింక చేత కబురంపింది. యుద్ధం గెలిచిన రోజున ఆయన తొండమెత్తి మరీ అభయమిచ్చారు కదా. జవాబు మూడో రోజుకి వచ్చింది. "మాకు మీ మీద ప్రేమ ఎప్పటిలాగే ఉంది. ఆ పొదేదో ఇచ్చేస్తే అడవి ప్రశాంతంగా ఉంటుంది కదా, ఆలోచించు. ప్రస్తుతం మాకు మోకాలి నొప్పి."

బూచమ్మ నేరేడు తోపుకి పరుగెత్తింది.

"వదినా, నా ప్రాణమైనా ఇస్తాను," అన్నాడు కోటప్ప కొమ్మ మీంచి, పండు ఉమ్మకుండానే. "కానీ మనం ప్రమాణం చేసుకున్నది నక్క గురించి. తోడేలు మాట అందులో ఉందా, నువ్వే చెప్పు?"

"పేరెత్తితే లెంపలేయించారు కదయ్యా!"

"అదే మరి. లేని మాట నేనెక్కడినుంచి తెచ్చేది? పైగా దొరకి ఉప్పు నాకేశాను. నా పళ్లు చూడు, ఒక్కటీ కదల్లేదు. ఈ వయసులో రాలగొట్టుకోమంటావా?"

రాతిచరియ దగ్గర అవ్వ కళ్లు తుడుచుకుంది. నిజంగానే ఏడ్చింది, పాపం. "నీ పిల్లల కోసం రోజూ దేవుడికి దండం పెడుతున్నానే తల్లీ."

"దండం నేనూ పెడతాను అవ్వా. నువ్వు రా."

"ఎలా రమ్మంటావే? ప్రమాణం తప్పనా? నక్క కరిస్తే చెప్పు, క్షణం ఆగను."

బూచమ్మ తిరిగి ఇంటిదారి పట్టింది. రాళ్లగుట్ట దగ్గరికి వచ్చేసరికి బొరియలోంచి గవరయ్య ముక్కు బయటికి పెట్టాడు.

"ఏమే బూచమ్మా, ఇవాళ సోమవారం. నా మీద ప్రమాణం చెయ్యకుండానే పోతున్నారే? ఆ తిట్లు వినకపోతే నాకు పొద్దు గడవదు."

"ఊరుకో మామా. రేపు పొద్దున్నే తోడేలు వస్తోందని గోరింక చెప్పింది. నా పిల్లలకి రేపటితో సరి."

గవరయ్య ముక్కుతో పాటు తల కూడా బయటికి పెట్టాడు. "మీ కూటమో?"

"నక్క కరిస్తేనే వస్తారట."

ఆ మాట తన నోట్లోంచి వచ్చాక బూచమ్మ అక్కడే ఆగిపోయింది. గుట్ట వైపు తిరిగింది. గొంతు తగ్గించింది.

"మామా. నన్నొకసారి కరిచి పెట్టు."

"ఏమిటీ?"

"చెవి మీద. గట్టిగా. రేపు పొద్దున, తోడేలు గుంపు నా గుమ్మంలోకి వచ్చాక."

గవరయ్య నవ్వడానికి నోరు తెరిచాడు. మూడు పళ్లూ కనపడ్డాయి. "నాలుగేళ్లనుంచి కరుస్తాను కరుస్తానని నాకే తెలియకుండా నా పేరు మీద ప్రమాణాలు చేశారు. ఇప్పుడు కరవమని పిలుపులా? గట్టిగా కరిస్తే ఈ మూడూ రెండవుతాయే. అసలు నేనెందుకు చెయ్యాలి?"

"నా పొద అయ్యాక దాని దారి ఈ గుట్ట మీదుగానే మామా. నీకు చెట్టెక్కడం వచ్చా? ముళ్లున్నాయా?"

గవరయ్య తనకి మిగిలిన మూడు కాళ్లూ చూసుకున్నాడు. "సరే. కానీ బతికుంటే ఆ ప్రమాణంలోంచి నా పేరు తీసెయ్యాలి. పరువుగల నక్కని."

"తీసేస్తాను."

మర్నాడు తెల్లారుతూనే తోడేలు దొర ఆరుగురితో వచ్చింది. వెదురుపొదలోకి ఉన్నది ఒకటే ఇరుకు దారి. దాని చివర బూచమ్మ అడ్డంగా నిలబడింది. వెనకాల ఎనిమిది పిల్లలూ ఒకదాని మీద ఒకటి పడి వణుకుతున్నాయి.

"పక్కకి జరుగమ్మా," అంది తోడేలు. "ఎవరూ రారు. అందరితో మాట్లాడుకునే వచ్చాను."

అప్పుడు వెదుళ్ల సందులోంచి గవరయ్య కుంటుకుంటూ దూకి బూచమ్మ ఎడమ చెవి పట్టుకున్నాడు. ఇచ్చిన మాట మీద నిలబడే నక్క, కసిగానే కరిచాడు. ఒక పన్ను ఊడి చెవిలోనే ఉండిపోయింది.

బూచమ్మ లోయంతా మోగేలా అరిచింది. "నక్క కరిచిందోయ్! గవరయ్య నక్క కరిచిందోయ్!"

నేరేడు తోపులో కోటప్ప తింటున్న పండు వదిలేశాడు. రాత్రంతా కంటి మీద కునుకు లేదు అతనికి. ఇప్పుడు మొహం వెలిగిపోయింది. "అవ్వా! నక్కేనట!"

"నిజంగా నక్కేనా?"

"పేరుతో సహా చెబుతోంది!"

"ఇంకేం మరి!" అంది అవ్వ. నాలుగేళ్లుగా సోమవారం సోమవారం తోమి ఉంచుకున్న ప్రమాణం వాడుకోవడానికి మొదటిసారి అవకాశం వచ్చింది. కోటప్ప నలభైమంది బలగంతో వెదుళ్ల మీదికి ఎక్కాడు, చేతినిండా రాళ్లు. అవ్వా, ఆమె పదకొండుమంది సంతానమూ దారి మొదట్లో వెనక్కి తిరిగి, ముళ్లు గలగలలాడిస్తూ, వెనకడుగులే వేసుకుంటూ లోపలికి వచ్చారు. ముళ్లపంది మీదికొస్తే అలాగే వస్తుంది, మొహం చూపించదు.

తోడేలు అటు చూసి నిర్ఘాంతపోయింది. "ఇదేమిటి అవ్వా! నా మీదికి రామని ఉప్పు నాకారు!"

"మీ మీదికి ఎవరొచ్చారు దొరా?" అంది అవ్వ వెనకడుగు ఆపకుండానే, ఎంతో వినయంగా. "మేము నక్క కోసం వచ్చాం. దారిలో మీరున్నారు. పక్కకి జరగండి."

జరగడానికి ఇరుకుదారిలో పక్కంటూ లేదు. గవరయ్య తెలివిగా తోడేలు పొట్ట కింద దూరాడు.

"అదిగో నక్క!" అని కేక పెట్టాడు కోటప్ప. నక్క మీదికి విసిరిన నలభై రాళ్లూ తోడేలు వీపు మీద పడ్డాయి. "అయ్యో దొరా, మన్నించండి. గురి కుదరడం లేదు. మళ్లీ వెయ్యండర్రా!"

ముందు బూచమ్మ కోరలు, వెనక అవ్వ ముళ్లు, పైన కోటప్ప క్షమాపణలు. అనుచరులు ఆరుగురూ దొరని అక్కడే వదిలి ముళ్ల మీదుగానే దూకి పారిపోయారు. తోడేలు ఆఖరున బయటపడింది. పిర్రల్లో ముళ్లెన్ని గుచ్చుకున్నాయో దానికే తెలియాలి. వెదుళ్లలో ఎనిమిదీ ఎనిమిదిగానే ఉన్నాయి.

అవ్వ వాటిని ఒక్కొక్కదాన్నీ మూతితో తడిమి చూసి, అప్పుడు తలదించుకుంది. "మాకు తెలుసే బూచమ్మా, అది నక్క గొడవ కాదని. అరుపు వినగానే తెలుసు."

"తెలిసి నిన్ననే ఎందుకు రాలేదు అవ్వా?"

అవ్వ పిల్లల్ని మళ్లీ మొదటినుంచి తడమడం మొదలుపెట్టింది. కోటప్ప నేల మీదికి దిగి ఒక నేరేడు పండు బూచమ్మ ముందు పెట్టాడు. చెవి నెత్తురు కారుతుండగానే ఆమె దాన్ని తింది. ఎంతైనా రోజూ చూసుకునే మొహాలు. మాటిచ్చినట్టే, ప్రమాణంలోంచి గవరయ్య పేరు ఆ పూటే తీసేయించింది.

ఏనుగు రాజావారు నాలుగో రోజున విజయోత్సవానికి విచ్చేశారు, మోకాలు పూర్తిగా నయమై. తోడేలు దొర ఆయన ముందు నిలబడి, కూర్చునే వీలు లేక, మొరపెట్టుకుంది. "మహాప్రభూ, అందరితో విడివిడిగా ఒప్పందం చేసుకున్నాను. ఒక్కరూ మాట తప్పలేదు. అయినా అందరూ కలిసే కొట్టారు!"

పక్కింటి మీదికి వచ్చినవాడు మన గుమ్మం కొలతలు కూడా తీసుకునే వచ్చాడని తెలుసుకోవడానికి నక్క పన్ను ఊడేదాకా ఆగనక్కర్లేదు.