చెవి గోకిన మహారాజు

భూమ్మీద అంత బద్ధకపు రాజు మళ్లీ పుట్టలేదు! మాట్లాడితే దవడ నొప్పని దండధర మహారాజు అన్నిటికీ సైగలే పెట్టాడు. మీసం దువ్వితే భోజనం రావాలి. చెవి గోకితే ఎదుట కనబడ్డ మనిషి చెరసాలకు పోవాలి. ఒకనాడు నిజంగానే చెవి దురద పెట్టింది. ఎదుట పూలదండ తెచ్చిన నూకాలు ఉంది. భటులు లాక్కుపోయారు.

ఆమె మొగుడు గవరయ్య రాజుగారికి క్షవరం చేసేవాడు. ఆనాటి నుంచి ఒక్కడికే వండుకుని, ముద్ద దిగక, గోడతో మాట్లాడేవాడు. వెళ్లి మొరపెట్టుకున్నాడు.

"పొరపాటేరా. కానీ పెట్టిన సైగ తీసేస్తే నాకు నామోషీ," అన్నాడు రాజు.

మర్నాడు గవరయ్య ఏనుగంత నిలువుటద్దం రాజు ముందు పెట్టి, తాను వెనక నిలబడి కత్తెర ఆడించాడు. వెంట్రుక చెవిలో పడింది. రాజు గోక్కున్నాడు. భటులు ఎదుటికి చూస్తే అద్దంలో మహారాజే! వచ్చి ఆయన రెక్కలు పట్టుకున్నారు.

"వదలండ్రా! గవరయ్యా, ఇప్పుడేం దారి?"

"తీసెయ్యొద్దు ప్రభూ, మార్చండి. ఎవరినైనా చెరలో వెయ్యాలంటే, తమరే ముందు వాళ్లింటికెళ్లి మిగిలినవాళ్లతో అన్నం తినాలి. ఇవాళ మా ఇంటికి దయచేయండి. రెండో కంచం ఖాళీగానే ఉంది."

రాజు సరేనని చెరసాల తలుపు తీయించాడు. ఆ పూట ఆ కంచంలో నూకాలే తిన్నది.