పిలిస్తేనే వచ్చే పడవ

అనగనగా గోదారి నడిమధ్యన ఒక లంక. ఆ లంక మీద ఒకే ఒక్క ఇల్లు. ఆ ఇంట్లో నూకాలు అనే పెద్దపిల్ల, వాళ్ళ అమ్మమ్మ, ముత్యం అనే మేక ఉండేవారు.

అవతలి ఒడ్డుకి వెళ్ళాలంటే పోలయ్య తాత పడవే దిక్కు. ఆ రేవుకి ఒక పద్ధతుంది కన్నా. లంక మీంచి "ఓ పడవో" అని కేకేస్తేనే పడవ కదులుతుంది. పిలవందే రాదు. ఆ కేక ఎప్పుడూ అమ్మమ్మే వేసేది. నూకాలు వెనకాల కొంగు పట్టుకుని నించునేది. బళ్ళో టీచరమ్మ అడిగితే నువ్వు నోరు విప్పవు చూడూ, అచ్చం అలాగే.

ఆ తర్వాత ఒక వానాకాలం అమ్మమ్మ పోయింది. చుట్టాలొచ్చారు, ఏడ్చారు, "మాతో రావే" అన్నారు. నూకాలుకి కొత్తచోటంటే భయం. కుండలో బియ్యం ఉన్నాయి, పాదుకి దోసకాయలున్నాయి, పెరట్లో మొక్కజొన్న ఉంది, ఇంకొకళ్ళతో పనేంటి అనుకుంది. కానీ పొద్దుగూకితే ఇల్లు బావురుమనేది. మాట్లాడ్డానికి ముత్యం ఒక్కటే మిగిలింది. అది వింటుంది గానీ తిరిగి చెప్పదు కదా, పాపం.

ఒకరోజు పొద్దున్నే ముత్యం తడిగడ్డి మేసి, కడుపుబ్బి పడిపోయింది. పశువుల డాక్టరుగారేమో అవతలి ఒడ్డున ఉంటారు.

అప్పుడు నూకాలు రేవుకి పరిగెత్తింది. నోరు తెరిచింది గానీ కేక రాలేదు. గొంతెత్తితే గోదారంతా తననే చూస్తుందని సిగ్గు. సరేనని అమ్మమ్మ ఎర్రచీర తెచ్చి ఊపింది. పిల్ల చీర ఆరబెట్టుకుంటోంది అనుకున్నాడు పోలయ్య తాత. పడవ కదల్లేదు.

మధ్యాహ్నం ఇత్తడి పళ్ళెం తెచ్చి గరిటెతో టంగుటంగున మోగించింది. జొన్నపొత్తుల మీంచి చిలకల్ని తోలుతోంది అనుకున్నాడు తాత. పడవ కదల్లేదు.

సాయంత్రానికి ముత్యం కళ్ళు మూతలు పడుతున్నాయి. అది కూడా పోతే తను పలకరించడానికి ఎవరూ ఉండరు. నూకాలుకి ఏడుపొచ్చింది. ఆ ఏడుపుతోనే మోకాల్లోతు నీళ్ళలోకి దిగి "ఓ పడవో" అంది. మొదటిసారి తనకే వినపడలేదు. రెండోసారి గొంతు జీరపోయింది. మూడోసారి కేక గోదారి దాటేసింది.

ఆ కేక ఆగకముందే తాత గెడ అందుకుని పడవ తోశాడు. వచ్చి, మేకని ఎత్తి పడవలో పడుకోబెట్టాడు.

"తాతా, చుట్టాల్ని దింపి వెళ్ళాక మళ్ళీ ఒక్కసారైనా ఇటు రాలేదేం?" అని అడిగింది నూకాలు.

"పిలవకుండా వస్తే ఏమనుకుంటావోనని బెరుకమ్మా. రోజూ చెవి ఇటే పడేసుకుని కూర్చున్నాను. నాకు మాత్రం ఇంట్లో ఎవరున్నారు?" అన్నాడు తాత.

నూకాలు మనసు చివుక్కుమంది. ఇన్నాళ్ళూ గోదారికి ఈ పక్క ఒకళ్ళు, ఆ పక్క ఒకళ్ళు ఉత్తినే కూర్చున్నారన్నమాట.

డాక్టరుగారు మందు పోస్తే ముత్యం లేచి నించుంది. ఆ తర్వాత కూడా ఇల్లు బావురుమంటూనే ఉండేది, అమ్మమ్మ తిరిగి రాదు కదా. కానీ రోజూ పొద్దువాలే వేళ నూకాలు రేవులో నించుని కేకేసేది. ఎక్కడికీ వెళ్ళడానికి కాదు. అవతల్నుంచి "ఉన్నానమ్మా" అని వినపడ్డాక ఇంట్లోకి వెళ్ళి దీపం పెట్టుకునేది.

కథేమో కంచికి, పడవేమో రేవుకి,
కేకేమో ఒడ్డుకి, నువ్వేమో నిద్దరకి.